పాచిబొగ్గుతో నీటిని తేర్చవచ్చునా?

గడచిన నెలలో మా అల్వాలులోనే యొక సోదరి నన్నిట్లడిగినది: "చెఱువులోని పచ్చపాచిని కాల్చి బొగ్గు చేసినచో ఆ బొగ్గు మురికినీటిని శుభ్రపఱచునని చదివితిని. చిన్నరాయుని చెఱువుగట్టున పాచికి కొదువలేదు. మా సంఘమువారము పదిమందిమి కూడి దానిని గంపలతో తెచ్చి, మేడలపై నెండబెట్టి, కుండలలో కాల్చి, ఇంటింటికి నీటివడపోతకై పంచరాదా?" ప్రశ్న చక్కనిది. ఆమె చదివినది సత్యమే. చేయదలచినది మాత్రము ప్రమాదకరము. ఈ రెండు మాటలకును కారణము చెప్పవలె ననిన నొక చిన్న యుత్తరము చాలదు గనుక నీ నెల పుటలను దీనికే వినియోగించుచున్నాను.

చెఱువుపై తేలు పచ్చనిదెల్ల పాచి కాదు. నిగనిగలాడు వెడల్పాకులును ఊదాపూల గుత్తులును గలది గుఱ్ఱపుడెక్క. అది దక్షిణ అమెరికానుండి యందమునకై తేబడి మన చెఱువుల గ్రమ్మినది. గుండ్రముగ విచ్చి తేలునది అంతరతామర. ఇవి వేళ్లును ఆకులును గల మొక్కలు. కావ్యములలో పద్మమునకు చెలికత్తెవలె కనబడు శైవలము వేఱు. దానికి వేరు లేదు, ఆకు లేదు, పూవు లేదు. ఆ శైవలములలోను రెండు తెగలు మనకు ముఖ్యములు. జడపాయలవలె, పట్టుపోగులవలె చేతికి చిక్కునది నాచు. ఇది సామాన్యముగ విషము గాదు. రెండవది, నీటిపై పచ్చరంగు నొలకబోసినట్లు పఱచుకొని, ఎండకు నీలిచాయ తిరిగి, కుళ్లినపుడు ముక్కు మూసికొన జేయునది. దీనిని నీలహరిత శైవల మందురు గాని నిజమునకిది బాక్టీరియాల కుటుంబములోనిది. మైక్రోసిస్టిస్ అనునది యిందు మిక్కిలి పేరుమోసినది. మావారు తమ బడిలోని సూక్ష్మదర్శినిక్రింద నొక చుక్కను పెట్టి చూపిరి. కంటి కానని చిన్నచిన్న గుండ్రని కణములు జిగురులో పొదిగినట్లు గుంపులు గుంపులుగ నుండెను. ఒక్కొక్క కణములో గాలితిత్తు లుండునట. వానిమూలముననే యది పైకి తేలుచు, గాలి యెటు వీచిన నటు గట్టునకు జేరును. పిల్లలు రాళ్లు విసరునదియు, పశువులు నీరు త్రాగునదియు నా గట్టుననే గదా.

ఈ రెంటిని గుర్తుపట్టుటకు సులభమైన పరీక్షలు రెండు గలవు. చేయి తడుపక పొడవైన పుల్లనొకదానిని ముంచి తీయుడు. పుల్లకు దారములవలె వ్రేలాడిన నది నాచు; రంగు పూసినట్లంటుకొనిన నది నీలహరితమని యనుమానింప వచ్చును. లేదా చేతికి తొడుగు వేసికొని గాజుసీసాలో ముప్పాతిక వంతు నీరు పట్టి యొక రాత్రి కదలింపక యుంచుడు. పచ్చనిది అడుగునకు దిగిన భయము తక్కువ. పైన వలయముగ గట్టిన జాగ్రత్తపడవలెను. ఇవి తీర్పు చెప్పు పరీక్షలు కావు; తీర్పు ప్రయోగశాలది. కాని పిల్లవానిని నీటికి పోనీయవచ్చునా యని యాలోచించు తల్లికి ఈ మాత్రము చాలును.

విషమని యేల యనుచున్నాననగా, 1878వ సంవత్సరముననే ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రీనా సరస్సులో నిట్టి నీరు త్రాగిన పశువులు చచ్చుట చూచి జార్జి ఫ్రాన్సిస్ అను నాతడు నేచర్ పత్రికకు వ్రాసెను. 1996లో బ్రెజిలు దేశపు కరువారూ పట్టణమున, మూత్రపిండములు చెడి యంత్రముతో రక్తము శుద్ధి చేయించుకొను రోగులకు వాడిన నీటిలో నీ విషముండుటచే 52 మంది మరణించిరి. 2014 ఆగస్టులో అమెరికాలోని టోలెడో నగరమున కుళాయినీరు ముట్టవలదని నాలుగు లక్షలకు పైబడిన జనులకు హెచ్చరిక చేసిరి. ఆ హెచ్చరికలో గృహిణులు ముఖ్యముగ నెఱుగవలసినది యొకటి గలదు: నీటిని కాచిన ప్రయోజనము లేదు. మైక్రోసిస్టిస్ పుట్టించు మైక్రోసిస్టిన్ అను విషము మరుగునీటికి చెడదు. పైగా కణములు పగిలి లోని విషము నీటిలో గలియును. అది కాలేయమును పట్టి పీడించును. త్రాగునీటిలో లీటరునకు 1 మైక్రోగ్రాము, అనగా గ్రాములో పదిలక్షవ వంతు, మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దు పెట్టినది. కాచి చల్లార్చిన నీరు సర్వరోగహరమని నమ్ము మన యిండ్లలో నీ మాట పదిమందికి తెలియవలెను.

అన్నిటి నొకే గాట గట్టుటయు న్యాయము గాదు. వరిమళ్లలో నీలహరిత శైవలములు గాలిలోని నత్రజనిని పట్టి పైరునకిచ్చునని 1939లోనే పి. కె. డే అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. మన పంట కవి సాయపడునవి. మన హైదరాబాదు చేపలచెఱువులలోని శైవలముల జీవితమును ఏ. ఆర్. జాఫర్ గారు ఓపికతో పరిశీలించి 1964లోను 1967లోను హైడ్రోబయాలజియా పత్రికలో ప్రకటించిరి. ఏ ఋతువున ఏది పెరుగును, నీటిలో నేమి యున్న నేది విజృంభించును అను విషయము మన చెఱువుల గట్టుననే విచారింపబడిన దన్నమాట. కనుక నిది పరదేశపు వింతయని తోసిపుచ్చ వీలులేదు.

ఈ పాచి పెరుగుట కాహార మెవరు పెట్టుచున్నారు? సోదరీమణులు కోపగింపకుందురు గాక, మనమే. నీటిలో దీనికి కొఱతగ నుండునది భాస్వరము. 1973లో కెనడా దేశమున నొక సరస్సును నడుమ తెర కట్టి రెండుగ చేసిరి. ఒకవైపు కర్బనము, నత్రజని వేసిరి. రెండవవైపు వానితోబాటు భాస్వరము గూడ వేసిరి. భాస్వరము వేసిన సగము పచ్చబడెను, రెండవ సగము తేటగనే యుండెను. ఒక కిలో భాస్వరము 500 కిలోల తడిపాచిని పెంచగలదని లెక్క. ఒక మనిషి మలమూత్రములద్వారా ఏటికి సుమారు అరకిలో భాస్వరము విడిచిపెట్టును. ఐదుగురున్న యింటికి రెండున్నర కిలోలు. అది మురుగుకాలువనుండి నేరుగ చెఱువున బడిన, పన్నెండు వందల కిలోలకు పైబడిన పాచికి మేత. కొన్ని బట్టలసోడాలలోని ఫాస్ఫేటు దీనికి అదనము. ఒక యింటి లెక్కయే యింత. పూర్వము అల్వాలు, షామీర్‌పేట చెఱువులు పొలములకు నీరిచ్చిన కాలమున ఈ భాస్వరము ఎరువుగ పొలమునకే పోయెడిది. నేడు పొలములున్నచోట ఇండ్లు లేచినవి. భాస్వరమునకు పోవు చోటు చెఱువే యైనది.

2021లో హైదరాబాదు నగరమునకు 31 క్రొత్త మురుగునీటి శుద్ధికేంద్రములు మంజూరైనవి. వానిలో మొదటి భాగమున అల్వాలు, మల్కాజిగిరి, కాప్రా, ఉప్పలు ప్రాంతములకు 8 కేంద్రములు, దినమునకు 40 కోట్ల 25 లక్షల లీటర్ల సామర్థ్యముతో కేటాయింపబడినవి. ఇది మంచి పని. ఐనను సామాన్యమైన శుద్ధి మురికిని, కంపును పోగొట్టునంత సులభముగ భాస్వరమును పోగొట్టదు. అందుకై ప్రత్యేకపు ఏర్పాటు కావలెను. తేటగ కనబడు నీరు చెఱువున బడి మరల పచ్చబడుట కదియే రహస్యము.

ఇక బొగ్గు మాట. మన పెద్దలు నీటిని తేర్చుటకు కతకమను చిల్లగింజను కుండలోపల నరగదీసెడివారు. ఆ గంధమునకు నీటిలోని మట్టి కూడుకొని యడుగునకు దిగును. మూడుకుండల వడపోతలో ఇసుక, కంకరలతోబాటు బొగ్గు నుంచెడివారు. బొగ్గు చేయు పని వేఱు. ఇంగువ పెట్టిన చెక్కపెట్టెను ఎన్నిసార్లు తుడిచినను వాసన పోదు గదా; ఆ వాసన చెక్క పైముఖమున కంటుకొని నిలిచియున్నది. బొగ్గులోని సందులు కంటికి కానరానంత సన్నములు, లెక్కకు రానన్ని. వాని గోడలన్నిటికిని రంగు, వాసన, విషము అంటుకొనును. బాగుగ సిద్ధపఱచిన యొక గ్రాము బొగ్గులోని గోడలన్నియు విప్పి పఱచిన వేయి చదరపు మీటర్ల వఱకు రాగలదు. చిటికెడు బొగ్గులో పెద్ద పెరడంత చోటు! దీనిని అధిశోషణ మందురు. పీల్చుట కాదు, అంటించుకొనుట.

ఇట్టి బొగ్గునకు కొబ్బరిచిప్ప పేరుపొందినది. పాచి దానితో సరితూగునా? సందుల లెక్కలో సామాన్యముగ తూగదు. పాచిలో బూడిద పాలెక్కువ. కాని యా బూడిదలోని సున్నము, మెగ్నీషియము వంటి ఖనిజములును, కణముల మాంసకృత్తులనుండి మిగిలిన నత్రజనియు సీసము, రాగి వంటి లోహములను పట్టుటలో సాయపడును. చేయు విధ మిది: తేలు పాచిని తెట్టు తీసినట్లు తీసి, నీరు పిండి, ఎండబెట్టి, గాలి చొరని మూతపాత్రలో నాలుగువందలు మొదలు ఏడువందల డిగ్రీల వఱకు వేడిచేయుదురు. గాలి చొచ్చిన బొగ్గు మిగులదు, బూడిదయగును. ఆ వేడికి మైక్రోసిస్టిన్ విచ్ఛిన్నమై పోవును. మరుగునీటి నూరు డిగ్రీలకు లొంగని విష మక్కడ లొంగును. పిదప ఆవిరితోనో, క్షారముతోనో మరల కాల్చి సందులను పెంచుదురు. మెగ్నీషియము గాని ఇనుము గాని పట్టించిన బొగ్గు నీటిలోని ఫాస్ఫేటును గూడ పట్టును. అనగా పాచి తిన్న మేతనే పాచిబొగ్గు నీటినుండి తీయుచున్నది! ఆ ఫాస్ఫేటు పట్టిన బొగ్గును, వేఱు విషమేదియు లేదని పరీక్షించిన పిదప, పొలమునకు వేయవచ్చును. పోయిన యెరువు తిరిగి పొలము జేరు దారి యది. ఈ శాస్త్రములో నాకు మిక్కిలి నచ్చిన భాగమును ఇదియే.

ఇది కేవలము ఊహ గాదు. చైనాలో 2007 వేసవిని తాయిహు సరస్సు పాచిచే చెడి, వూశీ నగరమున ఇరువది లక్షలమంది కొన్ని దినములు త్రాగునీటికి కటకటపడిరి. ఆ తరువాత సరస్సునుండి పాచిని పడవలతో తీయుట వారికి నిత్యకృత్యమైనది. తీసినదాని నేమి చేయుద మను చిక్కునుండియే దానితో గ్యాసు, ఎరువు, బొగ్గు చేయు పరిశోధనలు పెరిగినవి. 2008లో ఒలింపిక్కు పడవపందెములకు ముందు చింగ్‌దావో తీరమున పది లక్షల టన్నులకు మించిన సముద్రపు నాచును తీసిరి. అదియు నిట్లే బొగ్గుగ మారి రంగునీటిని తేర్చు ప్రయోగములకు వచ్చినది. గోధుమవర్ణపు సముద్రనాచునుండి ఆల్జినేటు అను జిగురు తీసి, సున్నపులవణము గలిపిన నీటిలో చుక్కలుగ విడిచిన సగ్గుబియ్యమువంటి గుండ్లు కట్టును. అవియు లోహములను పట్టును.

మనకు దీని యక్కఱ యేమని యందురా? మన నగరమునకు పడమటనున్న పటాన్‌చెఱువులో ఔషధశాలల మురుగునీరు శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి, సిప్రోఫ్లాక్సాసిన్ అను క్రిమిసంహారక మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు నుండెనని 2007లో ప్రకటించిరి. మందులు నీటిలో గలియుచు పోయిన, క్రిములు వానికి లొంగకుండుట నేర్చుకొనును. తరువాత జ్వరము వచ్చిన బిడ్డకు మందు పనిచేయదు. ఇట్టి మందుల యవశేషములను పట్టుటకు బొగ్గు మంచి సాధనము. శివారున అద్దకపు రంగునీరు విడుచు చోట్లకును ఇది తగినదే. పాచిబొగ్గున కుచితమైన స్థానము మురుగునీరు వెలువడు తూము. మన వంటింటి కుండ కాదు.

ఇప్పుడు సోదరి ప్రశ్నకు సూటిగ బదులు చెప్పుచున్నాను. ఇంటిలో చేయవలదు. మేడపై నెండిన పాచిలోను ఈ విషము నెలలతరబడి నిలిచియుండును. ఎండి పొడియైనది గాలికెగిరి ఊపిరిలో జేరును, పక్కింటి తొట్టిలోను బడును. మట్టికుండలో కట్టెలమంటకు కాల్చిన పైభాగము మాడి, లోభాగము పచ్చిగ మిగులును. ఆ పచ్చిదానిలో విషము చెడదు. బొగ్గు చక్కగ వచ్చినను రోగక్రిములను చంపదు; తడిసిన బొగ్గుపై క్రిములు కాపురముండుటయు గలదు. మఱియు మురుగు చెఱువుపాచి నీటిలోని లోహములను ముందే తనలో నింపుకొనియుండును. అవి కాలిపోవు వస్తువులు గావు, బొగ్గులోనే చేరియుండును. లాభము చూతమన్నను, నూరు కిలోల తడిపాచి యెండిన ఐదునుండి పది కిలోలు మిగులును, కాల్చిన అందులో మూడవవంతునుండి సగము. పదిమంది స్త్రీల రెక్కల కష్టమునకు రెండుమూడు కిలోల నమ్మరాని బొగ్గు! దానికై పసిపిల్లల యారోగ్యమును పణముగ బెట్టుట వివేకము గాదు.

మఱి యెవరు చేయవలెను? మనకు దగ్గఱలోనే యొక దృష్టాంతము గలదు. బోయినపల్లి కూరగాయల విపణిలో, తార్నాకలోని రసాయనశాస్త్ర పరిశోధనసంస్థవారి పద్ధతిపై నొక గ్యాసుయంత్రము నెలకొల్పిరి. దినమునకు సుమారు పది టన్నుల కుళ్లిన కూరగాయలనుండి సుమారు 500 యూనిట్ల విద్యుత్తు వచ్చుననిరి. 2021 జనవరిలో ప్రధానమంత్రి తన ఆకాశవాణి ప్రసంగమున దీనిని ప్రస్తావించెను. కుళ్లిన వంకాయకు నేర్పు చూపినవారు కుళ్లిన పాచికి చూపలేరా? చెఱువు తెట్టు తీయుట, ఆరబెట్టుట, మూసిన కొలిమిలో కాల్చుట, విషమును లోహమును పరీక్షించుట, వాడిన బొగ్గును ఎచ్చట పెట్టవలయునో నిర్ణయించుట, ఇవన్నియు శుద్ధికేంద్రము ప్రక్కనే జరుగవలసిన పనులు. లోహములు పట్టిన పాతబొగ్గును ఏ తోటలోనో పాతిపెట్టిన, నీటినుండి తీసిన విషమును కూరలో పెట్టినట్లగును.

సంఘమునకు పనియే లేదని నా భావము గాదు. చెఱువును శుభ్రపఱచుటకు మనుషులు వచ్చినపుడు గమనింపుడు. గుఱ్ఱపుడెక్కను, పాచిని తీసి గట్టుననే కుప్ప పోసి పోవుట మన యూళ్లలో నలవాటు. చూపులకు చెఱువు నిర్మలమైనట్లుండును. కుప్ప కుళ్లి, తొలివాన కురియగానే దానిలోని భాస్వరమంతయు రసమై కారి మరల చెఱువునకే దిగును. ఆ పని వృథా, వెచ్చించిన ధనము వృథా. కాబట్టి సంఘమువా రడుగవలసిన ప్రశ్న యొకటే: "తీసిన దానిని ఏ బండిలో, ఎచ్చటికి తీసికొనిపోవుచున్నారు?" వ్రాతమూలముగ నడుగుడు, బదులు వచ్చువఱకు నడుగుడు. పాచి తీయు కూలివారికి చేతితొడుగులు, మోకాటి బూట్లు ఇచ్చినారో లేదో యదియు చూడుడు. వారిలో స్త్రీలే యెక్కువ, వారి బిడ్డలు గట్టుననే యాడుకొనుచుందురు.

సద్దుల బతుకమ్మనాడు నీటిలో దిగువారికి నొక మాట. భాద్రపద ఆశ్వయుజములలో వానలు వెలిసి యెండకాసిన దినములు పాచికి మిక్కిలి యనుకూలములు. నీరు పచ్చరంగు పూసినట్లున్నచో అందు దిగక, గాలి గట్టునుండి నీటివైపు వీచు తేటగట్టును వెదకుడు, లేదా తొట్టిలోని మంచినీట బతుకమ్మను విడువుడు. పాదములకు పాచి యంటినచో కుళాయినీటితో సబ్బుపెట్టి కడుగుడు. పిల్లలకు దద్దురు గాని వాంతి గాని కలిగిన, చెఱువునీరు తాకిన సంగతి వైద్యునికి తప్పక చెప్పుడు. అడుగనిదే యాయనకు తోచకపోవచ్చును. ఆవు, కుక్క వంటి సాధుజంతువులను గూడ ఆ గట్టునకు తోలవలదు. మేనికంటిన పాచిని అవి నాకి శుభ్రపఱచుకొనును గనుక మనకంటె వానికే ముప్పు ముందు వచ్చును.